జుర్నా తెమో

ఇస్తాంబుల్లో జీన్సు ప్యాంట్లకు ఇసుక కొట్టి రంగు వెలిసేలా చేసే పనిలో తెమో ఊపిరితిత్తులు పాడైపోయాయి. అంతకుముందు ఊళ్ళో పెళ్ళిళ్ళకు సన్నాయిలాంటి జుర్నా ఊదేవాడు. బుగ్గల్లో గాలి నింపుకుని ముక్కుతో పీలుస్తూ, పాట ఎక్కడా తెగనిచ్చేవాడు కాదు. ఆసుపత్రికి ఊపిరి పరీక్షకు వచ్చినప్పుడల్లా, జుర్నా పీకను తడిపినట్టే, ఊదమని ఇచ్చే అట్టగొట్టాన్నీ పెదాలతో తడుపుతాడు.

"తడపకు మామా, మెత్తబడిపోతుంది!" నర్సు గుల్బహార్ ఇంకో గొట్టం ఇచ్చి, ముక్కుకు క్లిప్పు పెట్టింది. "ఊదు, ఊదు, ఆపకు!"

అతని బుగ్గలు పొంగాయి. యంత్రం తెరమీద గీత కొంచెం లేచి పడిపోయింది.

"అంతేనా?"

"అంతే మామా."

"నీ పెళ్ళికి పొద్దు గూకేదాకా ఊదాను కదమ్మా."

"ఊదావు. ఇంకోసారి ఊదు."

తెమో గొట్టాన్ని మళ్ళీ తడిపాడు. ఈసారి ఆమె వద్దనలేదు.