మంచుయుగానికి పులిబొమ్మ దుప్పటి

ఆ రోజుల్లో ప్రపంచానికి రాబోయే ముప్పు నాకు మొదట తెలిసింది మా అవ్వ నోటివెంటే (మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం). మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో ఉడికించిన పసుపును వాకిట్లో ఆరబోసి, మబ్బు పట్టిన ఆకాశాన్ని చూసి, "గీ ఎండకాలంల ఎండనే లేదు" అంది. ముందురోజే సైన్సు సారు ఒక నిర్మల్ కొయ్య బొంగరం తిప్పి, భూమి కూడా ఇలాగే మెల్లగా ఊగుతుందని, దాని వాలు, సూర్యుడి చుట్టూ తిరిగే దారి మారుతుంటాయని చెప్పారు. ఉత్తరాన వేసవులు చల్లబడితే చలికాలపు మంచు కరగదట. ఏటికేడు పేరుకుని దేశాలనే కప్పేస్తుందట. (ఎన్నేళ్లకో చెప్పేలోపు ఇంటిగంట కొట్టారు. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను.)

నా భయమంతా దుబాయిలో పనిచేస్తున్న బాపు (మా నాన్న) గురించే. విమానం దిగేచోట మంచు పేరుకుంటే ఆయన ఇంటికెలా వస్తాడు? దానికి నేను చేయగలిగిందేమీ లేదు కనుక పసుపునైనా కాపాడదామనుకున్నాను. బాపు పంపిన పులిబొమ్మ దుప్పటి (మా ఎండలకు ఎవరూ కప్పుకోక పెట్టెలోనే ఉండేది) తీసి ఆ తడి పసుపు మీద కప్పాను. మధ్యాహ్నానికి ఎండ కాసింది. అవ్వ దుప్పటి ఎత్తి చూసింది.

"ఏందే గిది?"

"మంచు వస్తది అవ్వా."

"మంచు సంగతి ఏమోగాని నీ వీపు పగుల్తది. పులి సూడు, ఎట్ల పచ్చగయిందో."

"పులి ముందుగాల్నే పచ్చగుంటది గదా" అన్నాను. దెబ్బ పడింది ఆ మాటకే.

శుక్రవారం బాపు ఫోన్ చేస్తే అవ్వ అంతా చెప్పి, ఫోన్ నాకిచ్చింది.

"మంచు ఎప్పుడొస్తదట బిడ్డా?"

"సారును మల్ల అడిగిన బాపు. వేల ఏండ్లు పడ్తదట."

"గట్లయితే ఫికర్ చెయ్యకు. నాకు గంతకన్న ముందుగాల్నే సెలవు దొరుకుతది."

దొరికింది, ఇంకో రెండేళ్లకు.

నిన్న సాయంత్రం కరీంనగర్‌లోని మా ఇంట్లో, నా ఇద్దరు పిల్లలు ఏదో వీడియో చూసి, భూమి ఊగి మంచు కమ్మేస్తే మస్కట్ నుంచి వాళ్ల నాన్న ఎలా వస్తాడని అడిగారు. చదువుకున్నదాన్ని, వెంటనే జవాబు చెప్పాల్సింది. అది మాని, నాతో తెచ్చుకున్న ఆ పచ్చ పులిని పెట్టెలోంచి తీసి వాళ్ల మీద కప్పాను. ఫ్యాన్ కింద అది కప్పుకుని ఇద్దరూ చెమటలు కక్కుతూ నిద్రపోయారు. నాకే నిద్ర పట్టలేదు.

పొద్దున లేవగానే చెప్పాను: "మంచుకు వేల ఏండ్లు పడ్తది. మీ నాయిన దసరాకే వస్తుండు. అప్పటిదాంక దుప్పటి మీ దగ్గర్నే ఉంచుకోండ్రి."