వద్దు అనే మాట

మెదడులో రక్తం గడ్డకట్టిందని తిరుపతి ఆసుపత్రిలో తేల్చేసరికే నా మాటలు తారుమారయ్యాయి. అడిగింది అర్థమయ్యేది, జవాబు మనసులో సరిగానే తయారయ్యేది. నోటి దాకా వచ్చేసరికి దాని చోట ఇంకో మాట దిగేది. నీళ్లు కావాలనుకుంటే ‘చెంబు’ అనేదాన్ని. అన్నిటికంటే ఇబ్బంది పెట్టినవి అవును, కాదు, సరే, వద్దు. కాలేజీ డిబేట్లలో ఒక ప్రతిపాదనకు అనుకూలంగానో వ్యతిరేకంగానో నిలబడటమే అలవాటుగా పెరిగాను. ఇప్పుడు నేను ఏ పక్షాన ఉన్నానో నా నోరే తప్పు చెప్పేది.

మా ఇల్లు వడమాలపేటలో. నాయన పుత్తూరు బడిలో పంతులు. నేను ఇంటికి వచ్చిన సాయంత్రం ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని, నాకు స్పృహ లేనప్పుడు కొండమీది దేవుడికి మొక్కుకున్న సంగతి చెప్పాడు. నేను బతికితే నా తలనీలాలు ఇప్పిస్తానని మొక్కాడట.

“ఇస్తావు గదమ్మా?”

వద్దు అనుకున్నాను. “సరే” అన్నాను.

నాయన వంటింటి వైపు తిరిగి కేకేశాడు. “విన్నావా? నా మాటకు ఎదురు చెప్పకుండా ఉండేది, పుట్టినాక ఇదే మొదలు!”

“మెదడుకు దెబ్బ తగిలిందని డాక్టరు చెప్తే నువ్వే గదా నమ్మనంటివి” అంది అమ్మ.

తల ఊపి దిద్దుకుందామంటే అదీ నిలువుగానే ఊగింది. కుడిచేతికి పట్టు లేదు కనుక రాసి చూపే దారీ లేదు.

నా అభ్యంతరం దేవుడి మీద కాదు. ఒకరి తలను ఇంకొకరు మొక్కుకోవచ్చా అన్నదే నా ప్రశ్న. ఇష్టపడి ఇచ్చినదే సమర్పణ అయితే, జబ్బు నా చేత పలికించిన ‘సరే’ సమ్మతి ఎలా అవుతుంది?

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు, రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడినంత కాలం తలకు కత్తి తగలకూడదని, గాటు పడితే రక్తం త్వరగా ఆగదని చెప్పాడు. గుండు తప్పిందని అమ్మ నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. నాకు మాత్రం తృప్తి కలగలేదు. గుండును ఆపింది మాత్ర, నేను కాదు.

ఆ నెలల్లో మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లేదాన్ని. ఆమె తేలిక ప్రశ్నలు వేసేది.

“అలిపిరి సముద్రం ఒడ్డున ఉండాదా?”

“అవును.”

“అట్లయితే రేపు పడవలో పోదాం లే పాపా.”

ఒంటి మాట జారిపోతుందని, నిదానంగా వాక్యం మొత్తం చెప్పమని ఆమె నేర్పింది. అలా చెబితే నా తప్పు నాకే వినబడేది.

మాత్రలు ఆపిన వారంలో నాయన అడిగాడు. “ఇంక అడ్డమేముండాది? శనివారం పోదామా?”

“వద్దు” అన్నాను. ఈసారి అనుకున్న మాటే వచ్చింది.

నాయన నవ్వాడు. “నువ్వు వద్దంటే కావాలని గదా! మాకు తెలీదా నీ భాష?”

ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లు నా మాటలను తిరగేసి అర్థం చేసుకోవడం ప్రేమతో నేర్చుకున్నారు. ఆ ప్రేమ వల్లనే ఇప్పుడు నా సరైన మాట చెల్లకుండా పోయింది. ఆయనకు ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటే పేర్చుకున్నాను.

“నాయనా, మొక్కింది నువ్వు. దువ్వెన... కాదు, తల నాది. ఆ పొద్దు సరే అనింది నా నోరు. నేను అనలేదు. నేను ఇయ్యను.”

ఆ ‘కాదు’ తన చోట తాను సరిగా పడటం ఆయన గమనించాడు. నవ్వు ఆగిపోయింది.

“మరి కొండమీది ఆయప్పకు నేనేమని చెప్పుకునేది?”

ఎగతాళికి అడగలేదు. ఇచ్చిన మాట తప్పడం ఆయనకు నిజంగానే భయం. నా వాదం బలమైనదని నాకు తెలుసు. ఈ ప్రశ్నకు మాత్రం దానిలో జవాబు లేదు.

“తెలీదు నాయనా.”

శనివారం ఆయన ఒక్కడే అలిపిరి నుంచి కొండకు నడిచి వెళ్లాడు. మర్నాడు గుండుతో తిరిగి వచ్చి, నా ఎడమచేతిలో లడ్డు పెట్టాడు.

“మొక్కు తీరినట్టా, తీరనట్టా?” అని అడిగాను.

“అది ఆయప్పా నేనూ తేల్చుకుంటాం. నడమ నువ్వెందుకు? తిను.”