పర్ర మీద నడిచిన కారు

ఎండకు కాగిన రబ్బరు మీద గేరు ఆయిలు పడితే వచ్చే వాసన ఒకటుంది. మొన్న గుడివాడలో మెకానిక్ షెడ్డు పక్కగా నడుస్తుంటే ఆ వాసన తగిలి ఆగిపోయాను. నా తొమ్మిదో ఏట వేసవి సెలవులంతా, దివిసీమలో మా మేనత్త ఇంటి కొట్టంలో ఎండుగడ్డి వాసనతోనూ కొత్తావకాయ ఘాటుతోనూ కలిసి వచ్చింది ఆ వాసనే.

నాన్న బందరులో సైన్సు మాస్టారు. అత్తయ్య ఆయనకు ఒక్కతే చెల్లెలు. మావయ్య పోయి రెండేళ్లయింది. ఆయన కారు కొట్టంలో మూలపడి ఉంది. యుద్ధం రోజులు కావడంతో పెట్రోలు దొరక్క దాన్ని కొనేవాళ్లు లేరు. అత్తయ్య పొలం పర్రకు అవతల ఉండేది. పర్ర అంటే సముద్రపు పోటు నీళ్లు వచ్చిపోయే ఉప్పు నేల. పైకి తెల్లగా ఎండినట్టే కనిపించి, అడుగు వేస్తే మోకాలిదాకా దిగిపోయేది. చుట్టూ తిరిగి ఎడ్లబండి మీద వెళ్లాలంటే ఒక పూట పట్టేది. ఆ పర్ర మీద నడిచే బండి చేస్తానని నాన్న పూనుకున్నారు. కారు పైభాగం కోయించి, ఇంజనూ గేర్లూ వెనక ఇరుసూ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ముందు చక్రాలు పక్కకు తిరగకుండా బిగించి, రెండు వైపులా ముందు వెనక చక్రాలను కలుపుతూ రైసుమిల్లు పాత బెల్టులు చుట్టి, వాటి మీద తుమ్మచెక్కలు బోల్టులతో బిగించారు. స్టీరింగుకు బదులు రెండు చేతిబ్రేకులు. ఎడమది లాగితే ఎడమ బెల్టు ఆగి, కుడిది పరిగెత్తి, బండి ఎడమకు తిరిగేది.

మధ్యాహ్నానికి పోటు వస్తుందనగా, నాన్న ఎలాగో సంపాదించిన డబ్బాడు పెట్రోలు పోసుకుని ఉదయమే బయల్దేరాం. రెండేళ్లుగా గడప దాటని అత్తయ్య, ఎవరినీ అడక్కుండా వచ్చి వెనక సీట్లో నా పక్కన కూర్చుంది. నాన్న ఆమెను చూసి ఒక్క క్షణం ఆగి, ఇద్దరికీ కలిపి చెప్పారు.

"బెల్టుల అతుకులు చూస్తా ఉండండి. ఏమాత్రం విప్పారినా చెప్పండి. వెనక్కి తిరిగిపోదాం."

ఉప్పుపొర పటపటమని పగిలింది. కొంగలు లేచిపోయాయి. సగం దూరం వెళ్లాక కుడి బెల్టు అతుకు నోరు తెరవడం చూశాను. చుట్టు తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త తెరుచుకుంటోంది. చెబుదామని నాన్న వైపు చూస్తే, చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, ఆయన ఈల వేస్తున్నారు. నాన్న ఈల వేయగా నేనెప్పుడూ వినలేదు. నోరు మూసుకున్నాను.

బెల్టు తెగి చెళ్లున కొట్టింది. బండి కుడివైపుకు ఒరిగి, చక్రాలు బురదలో దిగిపోయాయి. నాన్న బురదలో పడుకుని చేతులతో తోడుతుండగానే, దూరాన కాలవల్లో నీళ్లు మెరుస్తూ ఇటే రావడం మొదలైంది. చూస్తుండగా చీలమండలు మునిగాయి.

"ఇక వదిలెయ్ అన్నయ్యా," అంది అత్తయ్య.

"పది నిమిషాలమ్మా. బావగారి కారు ఇది."

"ఆయనే లేడు. కారు కోసం పిల్లని ముంచుతావా?"

నన్ను చంకనెత్తుకుని ఆమె నడక మొదలుపెట్టింది. నాన్న సీటు బల్లలు ఊడదీసి, ఒకటి తీస్తూ ఒకటి వేస్తూ మా ముందు దారి పరిచారు. గట్టెక్కేసరికి నీళ్లు అత్తయ్య నడుము దాటాయి. వెనక్కి తిరిగి చూస్తే ఇంజను మూత ఒక్కటే కనపడింది.

బందరు వచ్చాక నాన్న తన నోటుపుస్తకంలో బెల్టు బలం లెక్కను అడ్డంగా కొట్టేశారు. లెక్క తప్పాను అని అందరితోనూ చెప్పుకున్నారు. మళ్లీ పానా ముట్టలేదు. ఆయన ఉన్నంతకాలం నేను నిజం చెప్పలేకపోయాను. పోయాక అత్తయ్యతో చెప్పాను.

"నాకు తెలుసే," అంది. "నీకంటే ముందే చూశా."

"మరి చెప్పలేదేం?"

"సముద్రం కనపడతా ఉంది. ఇంకాస్త దూరం పోనిద్దామనిపించింది."

ఇప్పుడు అత్తయ్యా లేదు. పర్ర అంతా రొయ్యల చెరువులు, వాటి మధ్య తారు రోడ్డు. ఆ కారు ఏ చెరువు అడుగున ఉందో చెప్పగలవాళ్లు ఊళ్లో లేరు. కొట్టేసిన ఆ లెక్క పక్కన, తప్పు లెక్కది కాదు, చూసీ చెప్పని మాదని రాద్దామంటే, నాన్న నోటుపుస్తకం కూడా మిగల్లేదు.