ఏడవని తల్లి

రాసినవాడి మాటని డైరెక్టరు మార్చేస్తాడు, అడిగే దిక్కుండదు. నేను నాటకాలు రాసిన కాలం నుంచీ ఇదే అన్యాయం.

శాంటా క్లారాలో మా మేనకోడలు ఒక కొరియా సినిమాకి తీసుకెళ్లింది. అందులో భర్త పోయిన తల్లి కంటతడి పెట్టదు, వచ్చినవాళ్లకి అన్నం వండుతుంది. అయ్యాక డైరెక్టరమ్మ గుమ్మం దగ్గర కనబడింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఇతరులకి కథలు రాసిన మనిషట.

"రాతని వదిలేసి డైరెక్షన్‌లోకి పోయారేమమ్మా?" అని నా ఇంగ్లీషులోనే నిలదీశాను.

"మామయ్యా, మెల్లిగా!" అంది మేనకోడలు.

ఆవిడ ముందు నా వయసడిగింది. అమెరికాలో ఎవరూ అడగని మాట! ఏమని పిలవాలో తేల్చుకోవడానికట, అచ్చం మనలాగే. డెబ్బై ఎనిమిదనగానే నడుం వంచి దండం పెట్టింది.

"రాయడం వదల్లేదు తాతగారూ. ఇలాంటి తల్లిని ఏ డైరెక్టరుకి రాసిచ్చినా, తెర మీద ఏడిపించేశారు."