లేని తీర్పులో ఉన్న తెడ్డు

దెయ్యాలూ మాయలూ నేనెప్పుడూ నమ్మలేదు. రేపల్లెలో మా అమ్మమ్మ దెయ్యం కథ మొదలుపెడితే, "సాక్షి ఎవరే అమ్మమ్మా?" అని అడిగి తిట్లు తిన్నదాన్ని. తర్వాత లాయర్నయ్యాను, ఆ జబ్బు ఇంకా ముదిరింది. కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వుకుంటే నేనేమీ అనను.

మాది తెనాలి. ప్రాక్టీసు బాపట్ల కోర్టులో, రోజూ రైల్లో వెళ్లొస్తాను. సూర్యలంక దగ్గర జాలర్ల పాలెం నుంచి నాంచారమ్మ అనే ఆవిడ నా దగ్గరికొచ్చింది. భర్త వేటకెళ్లి సముద్రంలోనే పోయాడు. ఆవిడ ఇల్లు ప్రభుత్వ స్థలంలో ఉందని, ఖాళీ చేయమని నోటీసిచ్చారు. ఆ ఇల్లు పోతే ఆవిడకి వేరే నీడ లేదు. కూల్చకుండా ఆపమని కేసు వేశాను.

వాదన రాయడానికి ఫోన్లో ఏఐ సాయం తీసుకున్నాను. అందులో తప్పేం లేదు, మా కోర్టులో లాయర్లు చాలామంది తీసుకుంటున్నారు. భర్త పోయిన మనిషి, సముద్రపు ఒడ్డు, ఏళ్ల తరబడి కాపురం, నోటీసు. నేను టైప్ చేసింది ఇంతే.

అది ఒక హైకోర్టు తీర్పు ఇచ్చింది. అచ్చం మా కేసే. అందులో ఒక జాలరి భార్య, సముద్రంలో పోయిన భర్త తెడ్డుని ఇంటి గోడ లోపల పెట్టి కట్టుకుందట. అక్కడ కాపురం పాతదనడానికి కోర్టు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, ఇల్లు ఆవిడకే ఉంచిందట.

అసలు తీర్పు తెప్పించుకుని చదవాలి. అది నాకు తెలియక కాదు, బద్ధకం. నంబరుంది, జడ్జి పేరుంది, ఇంకేం కావాలి అనుకుని వాదనలో పెట్టి దాఖలు చేసేశాను.

మాకో అలవాటుంది. కేసు పిలిచేముందు క్లయింటుకి ధైర్యం చెప్పడానికి ఇంగ్లిషు తీర్పుని తెలుగులో కథలా చెబుతాం. వాయిదా రోజు కోర్టు వరండాలో నాంచారమ్మకి అలాగే చెప్పాను. తెడ్డు మాట రాగానే ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది.

"ఆ సంగతి నీకెవరు చెప్పారమ్మా?"

నాంచారమ్మ భర్త శవం దొరకలేదట. తెడ్డొక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చిందట. పోయినవాడి తెడ్డు ఇంట్లో ఉంచుకోకూడదంటారని భయపడి, గోడ కట్టేటప్పుడు మేస్త్రీ అన్నానికెళ్లిన సందులో ఇటుకల మధ్య పెట్టి తనే సిమెంటు పూసేసింది. కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, "ఆవిడది ఏ ఊరమ్మా? ఒకసారి వెళ్లి చూసొస్తాను. నాలాంటిది ఇంకొకతి ఉందంటే గుండె తేలికైంది" అంది.

ఆ ఊరి పేరు కోసం, అప్పుడు వెతికాను అసలు తీర్పుని. దాఖలు చేశాక! కోర్టు లైబ్రరీలో పుస్తకం తీస్తే ఆ పేజీలో ఏదో లారీ పర్మిట్ తగాదా ఉంది. ఏఐని నిలదీస్తే క్షమించమంది, ఆ వెంటనే ఇంకో తీర్పు చేతిలో పెట్టబోయింది. సిగ్గులేనిదానా అని తిట్టబోయి ఆగిపోయాను. దానికి లేకపోతే పోనీ, నాకుండాలి కదా.

కేసు పిలిచారు. లేచి నిలబడి, ఆ తీర్పు లేదండి, చదవకుండా పెట్టాను, వెనక్కి తీసుకుంటాను అని చెప్పాను. జడ్జిగారు కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి నావైపు చూశారంతే. కోప్పడినా బాగుండేది. వచ్చే వాయిదాదాకా ఇల్లు కూల్చొద్దన్నారు. కానీ ఇక నేను ఏ కాగితం పెట్టినా అనుమానంగానే చూస్తారు. నా బద్ధకానికి నష్టపోయేది ఆవిడ.

ఏఐ ఎక్కడెక్కడివో కలిపి కల్పిస్తుందని మా ఆయన సర్దిచెప్పాడు. కావచ్చు. నేను టైప్ చేసిన మాటలు ఫోన్లో ఇప్పటికీ ఉన్నాయి, ఎన్నిసార్లు చదివినా వాటిలో తెడ్డు లేదు. గోడ లోపలి సంగతి ఈ లోకంలో ఎక్కడా రాసి లేదు. అది అందులోకి ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు.

ఆ రోజు బయటికొచ్చి నాంచారమ్మకి నిజం చెప్పాను. ఆ కేసు లేదు పిన్నీ, అది ఫోను కల్పించింది, నేను చదవకుండానే నీకు చెప్పాను అని. తిడుతుందనుకున్నాను.

"అయితే ఆవిడ ఇల్లు నిలబడలేదామ్మా?" అంది.