మూడో కార్డు

ఆ వీధిలో అతని అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. తాళాల మేస్త్రి అంటే చాలు, పాలు పోసేవాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. మెట్ల కింద చిన్న కొట్టు, ఒక బల్ల, నాలుగు ఆకురాళ్ళు, గోడనిండా ఇంకా పళ్ళు కొయ్యని తాళంచెవులు. వాటన్నిటికీ పైన, తన చేత్తోనే రాసుకున్న బోర్డు: "మీ తాళంచెవి నకలు మా దగ్గర ఉంచుకోము." పాతికేళ్ళుగా ఆ మాట తప్పలేదు. "కోయడం ఎవరికైనా వస్తుందండీ, కోసింది దాచుకోకపోవడమే అసలు పని" అనేవాడు. అలా అంటున్నప్పుడు ఆ మీసం చూడాలి!

ఆ ఏడు భార్య పట్టు పట్టి ఐదు రోజుల ఓడ ప్రయాణానికి ఒప్పించింది. బుకింగ్ ఆఫీసులో అమ్మాయి ఓడ పటాన్ని బల్ల మీద పరిచింది. నలుగురికీ ఒకటే గదైతే రెండు పడకలు గోడలోంచి కిందికి దించుకోవాలి. లేదంటే నడవాకి అటొకటి, ఇటొకటి రెండు గదులు. పద్నాలుగేళ్ళ చిన్న కూతురు కిటికీ ఉందా లేదా అని బుర్ర తినేస్తోంది. పదహారేళ్ళ పెద్దది మాత్రం రెండో గది మీద పెట్టిన వేలు తియ్యలేదు.

"పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ గది వాళ్ళది. తలుపు వాళ్ళే వేసుకుంటారు, వాళ్ళే తీసుకుంటారు" అన్నాడు మేస్త్రి, పెద్దరికమంతా గొంతులోకి తెచ్చుకుని.

పెద్దది తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుని ఎన్నేళ్ళయిందో! "ఈయన మా ఆయనేనా?" అన్నట్టు చూసింది భార్య.

అంతవరకూ బాగానే ఉంది. వీధిలోకి వచ్చాక మనిషి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. పిల్లలు లోపల గడియ పెట్టుకుంటే? ఎవరైనా వచ్చి తలుపు తడితే? ఊళ్ళో సగం తలుపులు తీసిన చెయ్యి, సొంత కూతుళ్ళ తలుపు దగ్గర ఊరుకోవాలా? "అరే, గొడుగు మర్చిపోయాను, మీరు నడుస్తూ ఉండండి" అన్నాడు. మర్చిపోవడమా పాడా! బయటికి వచ్చేటప్పుడు తనే దాన్ని ఆఫీసు కుర్చీకి తగిలించి వచ్చాడు, ఎందుకైనా మంచిదని.

"పిల్లల గదికి ఇంకో కార్డు కావాలమ్మా, నా పేరు మీద. వాళ్ళకి చెప్పకు" అన్నాడు ఆఫీసులో. ఓడలో తాళంచెవికి బదులు తలుపు తీసే కార్డన్న మాట. ఆ అమ్మాయి ఒకసారి తలెత్తి చూసి, రాసుకుంది.

పది రోజులకి బుకింగ్ కాగితం ఇంటికొచ్చింది. పెద్దదే చదివింది. "నాన్నా, మా గదికి ఇద్దరమేగా, కార్డులు మూడని ఉందేంటి?"

మేస్త్రి కాగితం చూడనైనా చూడకుండా, "ఆఫీసువాళ్ళ పొరపాటయి ఉంటుందిలే" అనేశాడు. ఆ పిల్ల నమ్మేసింది. అనుమానంగా ఒక్క చూపు చూసినా బాగుండేది. నిజం చెప్పి తేలికపడేవాడు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దది కొట్టుకి క్యారేజీ తెచ్చి, అక్కడే బల్లకానుకుని బుకింగ్ ఆఫీసుకి ఫోను కలిపింది. వద్దనడానికి మేస్త్రికి కారణం దొరకలేదు. స్పీకర్లో ఆఫీసు అమ్మాయి గొంతు. పెద్దది సంగతి చెప్పింది. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"అవునండీ, మా పొరపాటే. క్షమించండి" అంది ఆ అమ్మాయి.

"కాస్త చూసుకుని రాయాలి కదండీ!" పెద్దది ఊరుకోలేదు. "మా నాన్న పరాయివాళ్ళ తాళంచెవే ఉంచుకోరు. కొట్లో బోర్డే ఉంది. అలాంటాయన మా గదిది అడుగుతారా?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. పరాయి పిల్ల తన కోసం మాట పడుతోంది. తన పిల్ల తన కోసం మాట అంటోంది. మధ్యలో తను ఆకురాయి పట్టుకుని, ఏమీ ఎరగనట్టు, ఎప్పుడో కోసేసిన తాళంచెవినే మళ్ళీ రుద్దుతున్నాడు. పాతికేళ్ళలో అంత సిగ్గుపడలేదు.

"ఆ అమ్మాయినేమీ అనకు తల్లీ" అన్నాడు తలెత్తకుండానే. "ఆ రోజు నేను గొడుగు మర్చిపోలేదు."

పెద్దదానికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ముందు తండ్రిని చూసింది, ఆ తరవాత బోర్డుని. చివరికి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"సారీ అండీ, తప్పు మీది కాదట" అంది. "మాకు రెండు గదులొద్దు. నలుగురికీ ఒకటే ఇచ్చేయండి. లేకపోతే మా నాన్నకి నిద్ర పట్టదు."