మెటల్ కోసం పెంచిన జుట్టు

మణికొండలో గది అద్దెకు తీసుకుని ఉన్న ఆ రోజుల్లో నాకు జీతం కంటే జుట్టే తొందరగా పెరిగేది. భుజాల మీదకు దిగిన ఆ జుట్టును వారమంతా ముడి వేసుకుని రాయదుర్గం ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి, శనివారం సాయంత్రం మాత్రం విప్పేవాణ్ణి. మదీనాగూడలో ఒక దుకాణాల భవనం సెల్లారులో నలుగురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు గిటార్లూ డ్రమ్ములూ హోరెత్తించే మెటల్ సంగీతం వాయించేవారు. వాళ్ళలో పాడే అతన్ని మేమందరం ఉరుమన్న అనేవాళ్ళం. మామూలుగా మాట్లాడితే పక్కవాడికి కూడా సరిగా వినిపించని మనిషి, మైకు చేతిలోకి రాగానే కడుపులోంచి గర్జించేవాడు. ఆ గర్జనకు తల ముందుకీ వెనక్కీ ఊపుతూ జుట్టు విసరడం మా భక్తుల పద్ధతి. జుట్టు లేనివాడు ఎంత ఊపినా లెక్కలోకి వచ్చేది కాదు. (మెడ పట్టేసి, సోమవారం మీటింగులో ఎవరేమడిగినా కిటికీ వైపే చూస్తూ జవాబు చెప్పేవాణ్ణి. మా మేనేజరు దాన్ని ఆత్మవిశ్వాసం అనుకున్నాడు.)

నా గదిలో ఉండే భీమవరం అతనికి ఈ సంగీతం అస్సలు పడేది కాదు. నన్ను కూడా 'అండి' అని పిలిచే మర్యాదస్తుడు కాబట్టి తిట్టేవాడు కాదు. చెవుల్లో దూది పెట్టుకుని, "ఆయనకు గొంతులో చేపముల్లు గానీ ఇరుక్కుందేమోనండి, ఓ అన్నం ముద్ద మింగమనండి" అనేవాడు. నాకు మాత్రం ఆ గర్జనే ప్రాణం. ప్రొద్దుటూరు నుంచి వచ్చినవాణ్ణి, ఆఫీసులో నోరు తెరిస్తే ఇంగ్లీషు తడబడేది, తెలుగు మాట్లాడితే నా యాసకు నవ్వేవాళ్ళు. వారమంతా మింగిన మాటలన్నిటినీ శనివారం ఉరుమన్న నా తరఫున అరిచేవాడు. అంత పెద్ద ఊళ్ళో నాది అనుకోవడానికి నాకున్నది అదొక్కటే.

జుట్టు గురించి ఇంకో సంగతి చెప్పాలి. మొదటిసారి ఆ తలతో ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ నన్ను ఎగాదిగా చూసి, తిరుపతి మొక్కా అని అడిగింది. మెటల్ సంగీతం గురించి అమ్మకు వివరించడం కంటే తల ఊపడం తేలిక (అప్పటికే తల ఊపడంలో ఆరితేరి ఉన్నాను). సాయంత్రానికల్లా నా మొక్కు సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది. ఆఫీసులో హెచ్ఆర్ మేడమ్ పిలిచి అడిగినప్పుడూ అలాగే ఊపాను. ఆ తర్వాత నా జుట్టు జోలికి ఎవరూ రాలేదు సరికదా, వచ్చేటప్పుడు లడ్డూ మర్చిపోవద్దని ముందే చెప్పి పెట్టారు.

ఇలా రోజులు హాయిగా గడుస్తుండగా మా బ్యాండు ఉన్నట్టుండి కొన్నాళ్ళు కనిపించకుండా పోయింది. తిరిగి వచ్చింది ఒక కొత్త పాటతో. ఆశగా ఫోన్లో పెట్టుకుని విన్నాను. మొదట వేణువు. సరే, తర్వాత ఉరుముతాడులే అనుకున్నాను. చివరిదాకా ఉరమలేదు. వాన మీద ఒక మెత్తటి పాట, పక్కింట్లో పసిపాప నిద్రపోతుంటే పాడినట్టు పాడాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. దానికి తోడు, మా భీమవరం అతను చెవుల్లో దూది తీసి, "ఇప్పుడు బాగుందండి, మా అమ్మగారికి కూడా పంపించాను" అన్నాడు. నా బ్యాండు వాళ్ళ అమ్మగారికి నచ్చిందంటే ఇంక మిగిలిందేముంది?

మా అభిమానులందరం ఫోన్లలో మండిపడ్డాం. ఏ సినిమా అవకాశం కోసమో అమ్ముడుపోయాడని తేల్చేశాం. తర్వాతి ప్రదర్శనకు నల్ల చొక్కాలేసుకుని ముందు వరసలో నిలబడాలి, ఒక్కరి తలా కదలకూడదు, అదే మా నిరసన. నేను ఇంకో మెట్టు ఎక్కాను. అతని కోసం పెంచిన జుట్టే తీసేస్తానని శపథం చేశాను. అమ్మ చూసి కంగారుపడకుండా ముందుగా ఫోన్ చేసి, సెలూన్‌కు పోతున్నానని చెప్పాను.

"సామికిచ్చే వెంట్రుకలు సెలూన్లో రాలుస్తావా నాయనా? కూడు తింటాండావా గడ్డి తింటాండావా? నేనొస్తాండా, కొండకు పోదాం పద" అంది అమ్మ.

అలా, ఒక మెటల్ బ్యాండు మీద కోపంతో తిరుమల కొండెక్కినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. కల్యాణకట్టలో తల తడిపి కత్తి పెట్టగానే, ఒళ్ళో పడుతున్న జుట్టును చూసి నాకు నిజంగానే కన్నీళ్ళొచ్చాయి. అన్ని శనివారాలు అక్కడ కుప్పగా పడి ఉన్నాయి. అమ్మ అది భక్తి అనుకుని తనూ కళ్ళు తుడుచుకుంది. "ఏం మొక్కుకున్నావో నాకు చెప్పొద్దులే. ఆ సామికి తెలుసు" అంది.

ప్రదర్శన రాయదుర్గంలో ఒక చిన్న హాల్లో జరిగింది. గుండుకు పూసిన గంధం ఇంకా పూర్తిగా పోలేదు. నల్ల చొక్కాతో మావాళ్ళ మధ్య బిగుసుకుని నిలబడ్డాను. ఉరుమన్న వేదిక మీదకు వచ్చాడు. ఆయనకూ గుండే. ఇదేదో కొత్త ఫ్యాషన్ కాబోలని నాకు ఇంకా ఒళ్ళు మండింది. మైకు అందుకోబోతూ నన్ను చూశాడు. చూపు నా గుండు మీద ఆగింది. తర్వాత ఆ చిన్న గొంతుతోనే మాట్లాడాడు.

"నా గొంతుకు ఆపరేషన్ అయింది. ఇగ అరవొద్దన్నరు డాక్టర్లు. మాటన్న వస్తే చాలని తిరుపతికి మొక్కిన. గింత వచ్చింది. జాలి పడతరని ఎవ్వరికి చెప్పలే. గీ తమ్మునికి ఎట్ల తెలిసిందో ఏమో, నా కోసం తను గూడ గుండు చేపిచ్చుకుని వచ్చిండు."

హాలంతా నా వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. మా నిరసనకారులు నన్ను ద్రోహిని చూసినట్టు చూశారు, తర్వాత ఒక్కొక్కరే తల దించుకున్నారు. పాట మొదలైంది, అదే వాన పాట. ఆ గొంతులో అక్కడక్కడా చిన్న జీర ఉంది. ఫోన్లో విన్నప్పుడు నా కోపానికి అది వినిపించలేదు. మిగిలినదాన్నంతా జాగ్రత్తగా చేతుల్లో పట్టుకుని తెచ్చి మా ముందు పెడుతున్నట్టు పాడాడు. కదలకూడదనుకున్న తల దానంతటదే కదిలింది.

పాటలయ్యాక కిందికి దిగి వచ్చి నా గుండు నిమిరాడు. "నీకెట్ల ఎరుక తమ్మీ?" అని అడిగాడు.

"నాకేం తెలీదన్నా. ఆ సామికి తెలిసినట్టుండాది" అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు. ఆయన అది నా వినయం అనుకున్నాడు.

ఆ తర్వాత మళ్ళీ జుట్టు పెంచాను. ఈసారి నిజంగానే ఆయన గొంతు కోసం మొక్కుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఇచ్చి వచ్చాను. గర్జన మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఇంకోసారి మొక్కుకుందామన్నా ఇవ్వడానికి నా తల మీద ఏమీ మిగల్లేదు, వయసు అడక్కుండానే పట్టుకుపోయింది. రాయదుర్గం మెట్రోలో నిలబడి ఇప్పటికీ ఆ వాన పాటే వింటూ మెల్లగా తల ఊపుతుంటాను. ఎదురుగా కూర్చున్న, నల్ల చొక్కాలు, పొడుగు జుట్టు ఉన్న పిల్లలు నన్ను చూసి, పాపం ఎవరో త్యాగరాజ కీర్తనలు వినే పెద్దాయన అనుకుని సీటిస్తారు. నేను కూర్చుంటాను.